6 కిలోల టాండెం (ఇద్దరు తొక్కే సైకిల్) ఫ్రేముకి కొరియర్ వాళ్లు 56 కిలోల బిల్లు వేస్తామంటున్నారు. మోసమా?

మోసం కాదండీ. చిత్తూరు నుంచి నెదర్లాండ్స్‌కి పంపాలంటూ మీరు ఇచ్చిన కొలతలతోనే లెక్క వేసి చూశాను. 170 × 75 × 22 సెం.మీ. పెట్టె. మూడూ గుణించి 5000తో భాగిస్తే 56.1. దీన్నే వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. అందుకే మీరు ఖరీదైన పల్చటి ట్యూబులు వేసి ఫ్రేములో అరకిలో తగ్గించినా రవాణాలో రూపాయి మిగలదు. అదే పెట్టె మందం నాలుగు సెంటీమీటర్లు తగ్గించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

తిరుపతిలో చిన్న షెడ్డు మాది. స్టీలు ఫ్రేములు చేస్తాం, అందులో బాగా పొడుగు మనుషులకి చేసే పెద్ద సైజులు, టాండెంలే ఎక్కువ. డ్రాయింగ్ గీసేటప్పుడే పెట్టె కొలత పక్కన రాసుకుంటాం. అది తేలనిదే కస్టమర్‌కి ధర చెప్పం.

మీ టాండెం సంగతికొస్తే, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) విడిగా తీసి ఫ్రేము మధ్య ఖాళీలో కట్టేయండి. టాండెం వెనక చక్రం హబ్ వెడల్పు సాధారణంగా 145 మి.మీ. కాబట్టి డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే గాళ్లు) దగ్గర మొత్తం మందం 16 సెం.మీ. లోపే ఉంటుంది. 22 సెం.మీ. పెట్టె ఎందుకు? 166 × 68 × 18కి దింపగలిగితే లెక్క బరువు 40.6 కిలోలు. పదిహేను కిలోలకు పైగా పోయింది, ఇనుము ముక్క కూడా కోయకుండా. కాకపోతే ఇవి బయటి కొలతలు. అట్ట మందం, ఉబ్బు కూడా కలిపే కొలుస్తారు. పాత సైకిల్ డబ్బాలు రెండు అతికిస్తే పోలా సామీ అని పెట్టెలవాళ్లు అంటారు. వద్దు. అతుకు దగ్గర అట్ట మీద అట్ట పడి రెండు సెంటీమీటర్లు ఉబ్బుతుంది, కొరియర్ హబ్‌లో స్కానర్ ఆ ఉబ్బునే పట్టుకుంటుంది. సెవెన్ ప్లై (ఏడు పొరల అట్ట) షీటు తెప్పించి కొలతకి కోయించండి.

ప్యాకింగ్‌లో ముఖ్యమైనది వెనక డ్రాపౌట్ల మధ్య దూరం. చక్రం లేనప్పుడు అవి ఒత్తిడికి దగ్గరకొచ్చేస్తాయి. 10 మి.మీ. థ్రెడ్ రాడ్ ముక్క ఒకటి తీసుకుని, లోపలివైపు రెండు నట్లు సరిగ్గా 145 దగ్గర పెట్టి, బయటివైపు వాషర్లతో ఇంకో రెండు నట్లు బిగించండి. రాడ్ కొనలు బయటికి పొడుచుకు రాకుండా కోసి, రెండు పక్కలా ప్లైవుడ్ బిళ్లలు పెట్టండి. ఫోర్క్‌కి దాని గాడిలో పట్టే రాడ్డుతో 100 మి.మీ. దగ్గర ఇలాగే. మా ఫ్రేము ఒకదాన్ని ఒక కొరియర్ హబ్‌లో పడుకోబెట్టి పైన ఏదో బరువు ఎత్తారు. పెట్టె నలిగింది, వెనక త్రిభుజం మాత్రం కదల్లేదు, ఈ రాడ్డు పుణ్యమే. డీరేలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చేదాన్ని తగిలించే బిళ్ల) విప్పేసి చిన్న సంచిలో వేసి లోపలే కట్టండి. ట్యూబులకి ఏసీ కాపర్ పైపులకి తొడిగే నల్ల ఫోమ్ గొట్టం సరిగ్గా సరిపోతుంది.

ఖాళీల్లో వరిగడ్డి మాత్రం కూరనివ్వకండి. మామిడి ప్యాకింగ్ అలవాటు కొద్దీ మన వైపు వాళ్ల చెయ్యి అటే పోతుంది. ఆస్ట్రేలియా లాంటి చోట్ల గడ్డి కనబడితే సరుకు ఆపేస్తారు. చెక్క క్రేటు అయితే 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడిచేసిన చెక్క అయుండాలి, దాని మీద ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగ్‌కి అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉండాలి. ప్లైవుడ్‌కి ఈ గొడవ లేదు.

ఇక దారి. పోస్టాఫీసు ఈఎంఎస్‌లో (విదేశీ స్పీడ్ పోస్ట్) పొడవు 1.5 మీటర్లు దాటకూడదు, పొడవు ప్లస్ చుట్టుకొలత (మిగతా రెండు కొలతలు కలిపి రెండింతలు) 3 మీటర్లు దాటకూడదు. మామూలు ఒంటి ఫ్రేము, పెద్ద సైజైనా సరే, 115 × 70 × 20లో పెడితే మొత్తం 295 వస్తుంది, వెళ్లిపోతుంది. టాండెం వెళ్లదు. పెద్ద కొరియర్లు కూడా పొడవు దాటితే లెక్క బరువుపైన మళ్లీ ఓవర్‌సైజ్ చార్జీ వేస్తాయి, కొటేషన్‌లో అది కలిపారో లేదో అడగండి.

టాండెంకి నా ఓటు ఎయిర్ కార్గోకి. అక్కడ భాగించేది 6000తో, అంటే ఆ 166 × 68 × 18 పెట్టె 33.9 కిలోలు. కస్టమ్స్ బ్రోకర్‌ని పెట్టుకుని మేం చెన్నై మీనంబాక్కం విమానాశ్రయంలో ఇస్తాం. మీకు చిత్తూరు నుంచి బెంగళూరు కూడా అందుబాటులోనే ఉంది కాబట్టి రెండు చోట్లా రేటు తీసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగాక క్లియర్ చేయించుకోవాల్సింది మీ కస్టమరే, ఇంటికి రాదు. అది అతనికి ముందే చెప్పాలి. ఓడలో ఎల్‌సీఎల్ (కంటైనర్‌లో కొంత చోటు మాత్రమే తీసుకోవడం) రేటు చూసి మోజు పడకండి. మీ పెట్టె 0.2 క్యూబిక్ మీటరే అయినా సాధారణంగా కనీసం ఒక క్యూబిక్ మీటరుకి వసూలు చేస్తారు, అవతలి రేవులో చార్జీలు వేరే. నాలుగైదు ఫ్రేములు ఒకే ఊరికి ఉంటే ఆలోచించొచ్చు.

అసలు ఇంకా వెల్డింగ్ మొదలుపెట్టకపోతే కప్లింగ్‌ల గురించి కస్టమర్‌ని అడగండి. ట్యూబుల మధ్య విప్పే జాయింట్లు పెడితే టాండెం ముక్కలై మామూలు పెట్టెల్లో పడుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ ప్రయాణాలు చేసే జంట అయితే వాళ్లే సంతోషంగా ఇస్తారు.

కాగితాలు: ఐఈసీ కోడ్ (ఎగుమతిదారు నంబరు) కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ సైట్‌లో, ఫీజు 500 రూపాయలు. జీఎస్టీలో ఎల్‌యూటీ (హామీ పత్రం) వేస్తే పన్ను కట్టకుండా ఎగుమతి చేయొచ్చు, ఏటా మళ్లీ వేయాలి. బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ డబ్బు తీసుకునే మీ బ్యాంకు శాఖ నంబరు) కస్టమ్స్‌లో నమోదు చేయించాలి. మన ఊళ్లలో ఆవకాయ, పొడులు అమెరికా పంపే కొరియర్ ఏజెంట్లు తక్కువ రేటు చెప్పి గిఫ్ట్ అని రాసేద్దాం అంటారు. అమ్మిన సరుకుని అలా పంపకండి. కొరియర్‌లో అయితే సీఎస్‌బీ-5 (అమ్మిన సరుకుకి కొరియర్ షిప్పింగ్ బిల్లు) కిందే వెళ్లాలి. అప్పుడే బ్యాంకులో వచ్చిన డాలరుకీ ఎగుమతికీ లెక్క కుదురుతుంది.

ఇన్‌వాయిస్‌లో సైకిల్ అని రాయొద్దు. సైకిల్ ఫ్రేమ్, 8714 91 (కస్టమ్స్ సరుకు కోడ్) అని స్పష్టంగా రాయండి. ఐరోపాలో పూర్తి సైకిల్‌కి (8712) మామూలు సుంకం 14 శాతం, ఫ్రేముకి 4.7 శాతం. తయారీ దేశం ఇండియా అని కూడా ఉండాలి. చైనా సైకిళ్ల మీద ఐరోపా వేసిన యాంటీ డంపింగ్ సుంకాన్ని (మరీ తక్కువ ధరకి దించే సరుకు మీద అదనపు సుంకం) 1997లో ఫ్రేములకూ పొడిగించారు, అందుకే ఆ గడి ఖాళీగా ఉంటే అక్కడ ప్రశ్నలు మొదలవుతాయి. సుంకం పైన నెదర్లాండ్స్ వ్యాట్ 21 శాతం. అడ్వాన్సు తీసుకునే ముందే ఈ రెండూ మీవి అని కస్టమర్‌కి మెయిల్‌లో రాసి, సరే అని జవాబు తెప్పించుకోండి.