బైపాస్ తర్వాత పడుకుంటే ఆయాసం... ఐస్ వల్లేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు నెలల కిందట బైపాస్ అయింది. నడిస్తే బాగానే ఉంటున్నారు గానీ, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోంది. ఎక్స్‌రేలో ఎడమవైపు డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం) పైకి లేచిందన్నారు. ఆపరేషన్‌లో గుండె మీద ఐస్ వేయడం వల్ల ఇలా అవుతుందట. నిజమేనా? తగ్గుతుందా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిజమే, అలా జరగొచ్చు. కానీ మీ నాన్నగారికి ఐస్ వాడారో లేదో ముందు తెలుసుకోండి. మన దేశంలో చాలా బైపాస్‌లు గుండె కొట్టుకుంటుండగానే చేసేస్తారు. డిశ్చార్జి సమ్మరీలో 'ఆఫ్ పంప్' అని ఉంటే ఐస్ ప్రసక్తే ఉండదు. అప్పుడు ఛాతీ లోపలి ధమనిని గ్రాఫ్ట్ (గుండెకు కొత్త దారిగా కుట్టే రక్తనాళం) కోసం వేరుచేసేటప్పుడు డయాఫ్రమ్‌కు వెళ్లే నరం దెబ్బతిని ఉండొచ్చు.

గుండెను ఆపి చేసే సర్జరీలో మాత్రం, రక్తం అందని ఆ కాసేపు కండరం పాడవకుండా దాన్ని చల్లబరుస్తారు. ఇలా గుండెను పైనుంచి చల్లబరిచే పద్ధతిని 1959లోనే స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షమ్‌వే బృందం వివరించింది. అయితే డయాఫ్రమ్‌ను కదిలించే ఫ్రెనిక్ నరం మెడ నుంచి దిగి గుండె పైపొరను ఆనుకునే వెళ్తుంది. ఎడమవైపు మంచు పలుకుల్లాంటి సెలైన్ నిలిచిపోతే చలికి ఆ నరం మొద్దుబారి, ఆ వైపు డయాఫ్రమ్ చచ్చుబడి పైకి లేస్తుంది. చల్లటి నీళ్లలాంటి సెలైన్ కన్నా ఈ మంచు పలుకులతోనే ప్రమాదం ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు ముందే బలహీనంగా ఉంటాయి. గుండెను ఆపడానికి పొటాషియం కలిపిన చల్లటి కార్డియోప్లీజియా ద్రావణం గుండె రక్తనాళాల్లోకి ఎలాగూ పంపుతున్నప్పుడు, పైన మళ్లీ ఐస్ ఎందుకన్నది నా అభిప్రాయం. వాడక తప్పదనుకునే సర్జన్లు నరానికి తగలకుండా మధ్యలో ప్యాడ్ పెడతారు.

పడుకుంటే ఆయాసం అనగానే నరం మీదికి నెట్టేయకూడదు. గుండె పంపింగ్ తగ్గినా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినా ఇదే లక్షణం. కాబట్టి ఎకో, ఛాతీ అల్ట్రాసౌండ్ చేయించండి. అల్ట్రాసౌండ్‌లో ముక్కుతో ఒక్కసారి గట్టిగా ఎగపీల్చమంటారు. అప్పుడు కుడి డయాఫ్రమ్ కిందికి దిగుతుంది. చచ్చుబడిన ఎడమది పైకి పోతుంది. దాంతో విషయం తేలిపోతుంది.

చలి వల్ల నరం సాధారణంగా తెగిపోదు, దాని పైతొడుగు దెబ్బతింటుంది. అందుకే ఎక్కువమందికి కొన్ని నెలల్లో, కొందరికి ఏడాది దాటాక కోలుకుంటుంది. రెండు నెలలకే టెన్షన్ పడక్కర్లేదు. స్పైరోమీటర్‌తో (గాలి గట్టిగా పీల్చే చిన్న పరికరం) శ్వాస వ్యాయామాలు మానొద్దు. తల వైపు ఎత్తుగా పెట్టి పడుకోమనండి, షుగర్ అదుపులో ఉంచండి. ఏడాది దాటినా ఆయాసం ఇబ్బంది పెడుతుంటే, వదులైన డయాఫ్రమ్‌ను మడిచి కుట్టే ప్లికేషన్ ఆపరేషన్ ఉంది. జ్వరం, కాళ్ల వాపు, కూర్చున్నా ఆయాసం ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.