గలీబు మీది పూలు గోడ మీదికి: మీ కుట్టు సందేహాలు

ప్రశ్న: మా అవ్వ కుట్టిన దిండు గలీబు ఒకటి ఉంది. తెల్ల గుడ్డ, ఎర్ర గులాబీలు, కింద ఆంగ్లంలో ‘గుడ్ నైట్’ అక్షరాలు. గుడ్డ పచ్చబడింది, తలనూనె మరకలున్నాయి. చిన్న గోడబొంతగా చేయాలంటే ఎలా ఉతకాలి, ఎంత గుడ్డ కొనాలి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు రంగు చూసుకోండి. గలీబు తిరగేసి, ఎర్ర దారం మీద తడి తెల్లగుడ్డను నిమిషంపాటు అదిమి పట్టండి. గులాబీ రంగు ఏమాత్రం అంటినా నీళ్ళలో ముంచొద్దు. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందంటారు గానీ, పాత దారం విడిచే రంగును ఉప్పూ ఆపలేదు, వెనిగరూ ఆపలేదు. తర్వాత బలం చూడండి. మడతలు పడ్డచోట రెండు బొటనవేళ్ళతో మెల్లగా లాగితే పోగులు విడిపోతున్నాయా? అలాంటి గుడ్డను ఉతకడం కూడా ప్రమాదమే.

రెండు పరీక్షల్లోనూ నెగ్గితే నూనె మరకల మీద గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి పావుగంట ఉంచండి, రుద్దొద్దు. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్ పొడిని ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో కలిపి, మధ్యమధ్య చూస్తూ రెండు గంటలు నానబెట్టండి. పట్టు, ఉన్ని దారాలకు ఇది పనికిరాదు. క్లోరిన్ బ్లీచ్ అసలే వద్దు. పాత నూలు పెళుసవుతుంది, గుండుసూది తుప్పు మరకలుంటే ఇంకా ముదురుతాయి. మన సీమలో ఇంకో చిక్కు బోరునీళ్ళు. వాటిలోని లవణాలు సబ్బుతో కలిసి గుడ్డలో గరగరలాడే తెల్లటి పొరగా మిగిలిపోతాయి. అందుకే చివరి రెండు జాడింపులూ తాగే క్యాన్ నీళ్ళతో చేయండి. పిండకుండా తువ్వాల మీద పరిచి నీడలో ఆరబెట్టి, పువ్వులు అణగిపోకుండా ఇంకో తువ్వాల మీద బోర్లా వేసి ఇస్త్రీ చేయండి. ఏళ్ళనాటి తలనూనె పూర్తిగా పోదు. మిగిలిన మరక కత్తిరింపులో పోయేలా చూసుకోవడమే మార్గం.

కత్తిరించే ముందే వెనకాల తెల్లటి మల్‌మల్ గుడ్డ పెట్టి పెద్ద టాకాలు వేయండి. బరువు అది మోస్తుంది. ఇస్త్రీతో అంటుకునే ఫ్యూజింగ్ తేలికే గానీ మళ్ళీ ఊడిరాదు, అవ్వ చేతిపనికి మేం మల్‌మలే చెబుతాం. కాలర్లకు వేసే బక్రం మాత్రం వద్దు, అట్టముక్కలా బిగుసుకుపోతుంది.

ఇక కొలతలు. పూలూ అక్షరాలూ 14 × 10 అంగుళాల్లో ఇమిడితే కుట్టుకు పావు అంగుళం చొప్పున వదిలి 14½ × 10½ కత్తిరించండి. అంచుకు 3½ అంగుళాల వెడల్పు పట్టీలు నాలుగు: ముందు పక్కలకు 10½ పొడవువి రెండు, అవి కుట్టాక పైకీ కిందికీ 20½ పొడవువి రెండు. పై పొర 20½ × 16½ వస్తుంది. లోపలి పొర, అడుగు గుడ్డ అన్ని పక్కలా 2 అంగుళాలు ఎక్కువగా, 24½ × 20½ ఉండాలి. చివర చుట్టూ మడిచి కుట్టే పట్టీ 2½ వెడల్పున 84 అంగుళాలు కావాలి. 44 అంగుళాల పన్నా నూలుగుడ్డ అంచులకూ పట్టీకీ కలిపి అర మీటరు, అడుగుకు ముప్పావు మీటరు చాలు. ఎమ్మిగనూరు చేనేత నూలు బాగా నప్పుతుంది. ఒకసారి తడిపి ఆరేశాకే కత్తిరించండి. లోపలికి లావు పాలిస్టర్ షీటు వద్దు. మెత్తబడిన తెల్ల నూలుచీర రెండు మడతలు వేస్తే గోడకు అతుక్కున్నట్టు నిలుస్తుంది.

ప్రశ్న: క్రాస్ స్టిచ్ చేసిన పాత మ్యాటీ గుడ్డకు అంచుగా ధర్మవరం చీర అంచు వేసి బొంత కుట్టాను. మధ్యలో ఉబ్బింది, అంచులు అలల్లా లేస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: అంచు అలలు లేస్తోందంటే అది మధ్యభాగం కంటే పొడవుగా ఉన్నట్టే. మ్యాటీ వదులు నేత, ఇస్త్రీపెట్టెతో లాగితే దాని కొసలు సాగుతాయి. ఆ సాగిన కొసను కొలిచి పట్టీ కోస్తే అంచు అరంగుళమైనా ఎక్కువొస్తుంది. కొలత ఎప్పుడూ గుడ్డ మధ్య నుంచే తీయాలి. పైగా జరీ అంచు బిరుసు, ఆ మిగులును తనలో కలుపుకోలేదు. ధర్మవరం అంచు చూస్తే ఎవరికైనా చెయ్యి లాగుతుంది గానీ, నూలు పని పక్కన దాన్ని సన్నటి గీతలా వాడుకోండి, మొత్తం చట్రంగా కాదు.

ఉబ్బుకు కారణం వేరు: అంచుల్లో దగ్గర దగ్గరగా బొంతకుట్టు వేసి మధ్యలో ఖాళీ వదిలేసి ఉంటారు. మధ్యలో కూడా 3 అంగుళాలకొక వరుస ఉండాలి. పువ్వుల మీద నుంచి కాకుండా వాటి చుట్టూ చేత్తో కుట్టండి. ఇప్పటికి చుట్టుపట్టీ, జరీ అంచు విప్పి, మధ్య కొలతకు తగ్గించి కుట్టుకోండి. విప్పేటప్పుడు బ్లేడు వద్దు, మ్యాటీ పోగు తెగితే క్రాస్ కుట్లు జారిపోతాయి.

ప్రశ్న: లంబాడీ అద్దాల పని ఉన్న పాత ముక్కను బొంత మీద కుడుతుంటే మిషన్ సూదులు విరుగుతున్నాయి. గోడకు ఎలా తగిలించాలి?
– ఒక పాఠకుడు, గుత్తి

జవాబు: మిషన్ పాదం అద్దం అంచుకెక్కి సూది పక్కకు ఒరుగుతోంది. జిప్పు పాదం వేసి అద్దాలకు అరంగుళం దూరంలో కుట్టండి. అంత జాగా లేకపోతే చేత్తోనే. అద్దాలకు బరువుంటుంది కాబట్టి చుట్టూ కుట్టి ఊరుకోక, ముక్క మధ్యలో కూడా ప్రతి 3 అంగుళాలకు అన్ని పొరలూ కలిసేలా ఒక టాకా వేయండి. అద్దాలు కుట్టిన గుడ్డ ఎర్రదైతే రంగు విడిచే అవకాశం ఎక్కువ, ఉతకొద్దు. దోమతెర ముక్క కప్పి దాని మీద నుంచి వాక్యూమ్‌తో దుమ్ము లాగేయండి.

మేకులు గుడ్డలోంచి కొట్టొద్దు. వెనక పైభాగాన 6 అంగుళాల వెడల్పు పట్టీని గొట్టంలా కుట్టి అల్యూమినియం కర్టెన్ రాడ్ దూర్చండి. గొట్టం బొంత కంటే అంగుళంన్నర పొట్టిగా ఉంటే రాడ్ కొసలు రెండు కొక్కేల మీద ఆనుతాయి, ముందుకు కనబడవు. చెక్క బద్ద వాడితే వార్నిష్ పూసి బాగా ఆరనివ్వాలి, వార్నిష్ లేని చెక్క గుడ్డను పచ్చబరుస్తుంది. పడమటి ఎండ తగిలే గోడ మాత్రం వద్దు.