తగ్గింపు ధరల్లో మనకు మిగిలేదెంత?

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా మా వీధి కిరాణా దుకాణంలోనే నెల సరుకులు తెచ్చుకునేవాళ్లం. ఈమధ్య దగ్గరలో తెరిచిన ఒక సూపర్‌మార్కెట్‌లో ప్రతి సరుకు మీదా ఇరవై, ముప్ఫై శాతం తగ్గింపు ఇస్తున్నారు. బిల్లు చివర మేము ఎంత ఆదా చేశామో కూడా అచ్చు వేసి ఇస్తున్నారు. అయినా నెల ఖర్చు మాత్రం తగ్గలేదు. ఆ తగ్గింపు నిజమైనదేనా?
- ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: అమ్మా, మీ అనుమానం న్యాయమైనది. బిల్లు చివర కనిపించే ఆ ఆదా ఎమ్మార్పీకీ, మీరు చెల్లించిన ధరకూ మధ్య ఉన్న తేడా మాత్రమే. అన్ని పన్నులూ కలుపుకొని ఇంతకు మించి అమ్మరాదని, తయారుచేసినవారు గానీ ప్యాకింగ్ చేసినవారు గానీ ముద్రించే హద్దు ఎమ్మార్పీ. బజారులో ఆ సరుకు సాధారణంగా ఏ ధరకు దొరుకుతుందో అది చెప్పదు. కాబట్టి మీరు పోల్చుకోవలసినది ఆ దుకాణానికి వెళ్లకపోయి ఉంటే మీ కిరాణాలో ఎంత చెల్లించేవారో ఆ ధరతోనే.

ఇక్కడ సరుకులను రెండు రకాలుగా విడదీసి చూడాలి. సబ్బులు, టూత్‌పేస్ట్, టీ పొడి వంటి పేరున్న కంపెనీల సరుకులకు ఎక్కడ కొన్నా ఎమ్మార్పీ ఒకటే ఉంటుంది; వీధి దుకాణాలు చాలావరకు అదే ధరకు అమ్ముతాయి. అటువంటి వాటి మీద పది శాతం తగ్గించినా అది మీ చేతికి నిజంగా వచ్చే డబ్బే. పప్పులు, రవ్వ, పల్లీలు, జీడిపప్పు వంటివి అలా కాదు. వాటిని ఎవరికి వారే ప్యాకెట్లలో నింపి, ఎవరికి తోచిన ఎమ్మార్పీ వారు ముద్రించుకుంటారు. ఉదాహరణకు కిలో కందిపప్పు ప్యాకెట్ మీద 210 రూపాయలు వేసి, ముప్ఫై శాతం తగ్గించి 147కు ఇస్తున్నారనుకుందాం. అదే రకం పప్పును మీ దుకాణదారు విడిగా 140కి తూచి ఇస్తుంటే, 63 రూపాయలు ఆదా అని బిల్లు చెబుతున్నా నిజానికి మీరు ఏడు రూపాయలు ఎక్కువ ఇచ్చినట్టే. పెద్ద శాతాలు ఎక్కువగా ఈ రెండో రకం సరుకుల మీదనే కనిపిస్తాయి గనుక, బిల్లులో ఆదా ఎంత పెద్దగా ఉంటే అంత జాగ్రత్తగా చూడటం మంచిది.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్ట్, తలనూనెల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే పన్నుతో కలిపి 118 రూపాయలు ఉండే సరుకు, మరే మార్పూ లేకపోతే 105కే రావాలి. అది దాదాపు 11 శాతం తగ్గుదల. ఇది పన్ను తగ్గినందువల్ల ప్రతి దుకాణంలోనూ కొనేవారికి అందవలసిన ప్రయోజనం. పాత ధరతో పోల్చి దీన్ని తన సొంత తగ్గింపుగా చూపించే దుకాణం మీకు అదనంగా ఇచ్చిందేమీ లేదు.

షరతులతో వచ్చే తగ్గింపుల విషయంలో ఇంకొంచెం కఠినంగానే ఉండమంటాను. పదిహేను వందల బిల్లు చేస్తే చక్కెర కిలోకు ఇరవై రూపాయలు తక్కువ అన్నప్పుడు, మీ చీటీలోని సరుకులు పదకొండు వందలకే సరిపోతే, ఆ ఇరవై కోసం మరో నాలుగు వందలు ఖర్చుపెడతారు. నెల ఖర్చు తగ్గకపోవడానికి చాలా ఇళ్లలో ఇదే కారణమని నా నమ్మకం. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నది కూడా రెండోదాన్ని గడువులోపు వాడుకోగలిగితేనే సగం ధర అవుతుంది. మన ఎండలకు శనగపిండి, గోధుమపిండి, రవ్వ ఎక్కువ రోజులు నిలవ ఉంటే పురుగు పడుతుంది. ఇరవై ఐదు శాతం అదనం అని రాసి ఉంటే అది ధరలో ఇరవై శాతం తగ్గింపుతోనే సమానం.

మీ కిరాణా దుకాణదారు ఇచ్చే ఖాతాను కూడా లెక్కలోకి తీసుకోండి. జీతం అందేదాకా ఆగి, పావుకిలో అడిగినా తూచి ఇచ్చే సదుపాయానికి విలువ ఉంది. అయితే ఖాతా ఉన్నదని ధర అడగకుండా కొనడమూ సరికాదు. పప్పు, నూనె, చక్కెర ధరలు నెలకొకసారైనా అడిగి రాసుకోండి.

అన్నిటికన్నా పెద్ద తగ్గింపు మన ప్రాంతంలో పంట చేతికొచ్చే కాలంలోనే దొరుకుతుంది. నారాయణపేట, తాండూరు వైపు కందులు, వనపర్తి, అచ్చంపేట వైపు పల్లీలు కొత్తగా వచ్చినప్పుడు తెలిసిన రైతు దగ్గర కొని, బాగా ఎండబెట్టి, కందులను పప్పు పట్టించుకుంటే ఏడాదికి సరిపడా నిలవ చేసుకోవచ్చు. ఒకేసారి డబ్బు పెట్టలేకపోతే రెండు మూడు ఇళ్లవారు కలిసి ఒక బస్తా తీసుకోండి. చింతపండు, ఎండుమిర్చి కూడా మన పెద్దవాళ్లు ఇలాగే వేసవిలో కొనిపెట్టేవారు.

ప్రశ్న: నూనె ప్యాకెట్లు చూడటానికి ఒకేలా ఉన్నా బరువులు వేరుగా ఉంటున్నాయి. బియ్యం బస్తాలు కూడా కొన్ని 25 కిలోలు, కొన్ని 26 కిలోలు ఉంటున్నాయి. ఏది చవకో ఎలా తెలుసుకోవాలి?
- ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: కొన్ని నిత్యావసరాలను నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధనను కేంద్రం 2021లో చేసిన సవరణతో తొలగించింది. అందువల్లనే లీటరు ప్యాకెట్ల పక్కన 850 గ్రాములవి కూడా కనిపిస్తున్నాయి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. 850 గ్రాముల ప్యాకెట్ 130 రూపాయలకు, లీటరు ప్యాకెట్ 138కి ఉన్నాయనుకుంటే, మొదటిది కిలోకు దాదాపు 153 రూపాయలు, రెండోది దాదాపు 152 పడుతుంది. తక్కువ ధర రాసి ఉన్నదే కొంచెం ప్రియం.

అదే సవరణ ప్రకారం గ్రాముకు గానీ, కిలోకు గానీ, లీటరుకు గానీ ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించాలి. అయితే ఆ లెక్క ఎమ్మార్పీ మీద వేసినది గనుక, తగ్గింపు ధర ఉన్నప్పుడు దాన్ని నికర బరువుతో మీరే భాగించుకోవాలి.

బియ్యం సంగతి పన్నుతో ముడిపడినది. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యానికి 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ ఉంది. అంతకు మించిన బస్తాకు లేదు. 26 కిలోల బస్తాలు రావడానికి ఇదే కారణం. ధరను బస్తాతో కాకుండా కిలోతో పోల్చండి. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురున్న కార్డుకు 24 కిలోలు వస్తాయి. అది వండుకుంటున్న ఇంటికి నెలనెలా బస్తా అవసరమా అన్నది ముందు చూసుకోవాలి.

అరమీద రాసిన ధరకూ బిల్లులో పడిన ధరకూ తేడా ఉంటే డబ్బు కట్టకముందే కౌంటర్ దగ్గర అడగండి. ఎమ్మార్పీకి మించి తీసుకుంటే బిల్లు, ప్యాకెట్ రెండూ దాచి, తూనికలు కొలతల శాఖకు గానీ, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబర్ 1915కు గానీ ఫిర్యాదు చేయవచ్చు.