‘ఫ్రెష్‌గా వేసేయమంటారా’ అని అడిగాడు... మీ కేసంతా అక్కడే ఉంది

ప్రశ్న: విండోస్ 10 ఉన్న నా ల్యాప్‌టాప్‌ని విండోస్ 11కి మార్చమని ఒక సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. ‘అందులో ఫొటోలు, రికార్డింగులు ఉన్నాయి, జాగ్రత్త’ అని పొద్దున్నే వాట్సాప్‌లో పెట్టాను. అప్‌గ్రేడ్ ఫెయిలైందని టెక్నీషియన్ స్క్రీన్ ఫొటో తీసి పంపాడు. తర్వాత ‘బూట్ అవ్వట్లేదు సార్, ఫ్రెష్‌గా వేసేయమంటారా’ అని మెసేజ్ పెట్టాడు. పనిలో ఉండి ‘ఏదో ఒకటి చేసి సాయంత్రానికి ఇవ్వండి’ అని వాయిస్ మెసేజ్ పంపాను. సాయంత్రానికి డిస్క్ ఖాళీ. చనిపోయిన మా నాన్నగారి గొంతు రికార్డింగులు, తొమ్మిదేళ్ల ఫొటోలు అన్నీ పోయాయి. అడిగితే ‘డేటాకు మా బాధ్యత లేదని రసీదు వెనక ఉంది’ అన్నారు. 20 నెలలుగా తిరుగుతున్నాను, ‘వచ్చే వారం చూద్దాం’ అంటున్నారు. ల్యాప్‌టాప్‌ని చూడలేక బీరువాలో పెట్టేశాను. ఆ వాయిస్ మెసేజ్ డిలీట్ చేసి కేసు వేయమని మా బావగారు అంటున్నారు. నష్టపరిహారం వస్తుందా?

జవాబు: ముందు ఆ డిలీట్ సంగతి. ముట్టుకోకండి. మీ ఫోన్లో చెరిపినంత మాత్రాన అవతలివాళ్ల ఫోన్లోంచి పోదు. రేపు వాళ్లు అదే వాయిస్ వినిపిస్తే, కావాలనే దాచారని తేలి, మిగతా మీ మాటలన్నీ అబద్ధాల కిందే లెక్కకొస్తాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. న్యాయస్థానం ముందు పెట్టాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును అక్కడికి రాకుండా చేయాలని ధ్వంసం చేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 241 కింద నేరం. గెలవగలిగే కేసు చేతిలో పెట్టుకుని నిందితుడి స్థానంలోకి వెళ్లకండి. బావగారి సలహా వినకండి.

నిజానికి ఆ వాయిస్ మెసేజ్ మీరనుకున్నంత చెడ్డది కాదు. అప్‌గ్రేడ్ ఫెయిలవడం మీ కేసు కాదు. డ్రైవర్ (విడిభాగాలను నడిపే సాఫ్ట్‌వేర్) కుదరకపోయినా, డిస్క్‌లో చోటు చాలకపోయినా ఎవరి చేతిలోనైనా ఫెయిలవుతుంది, అదొక్కటే చూపించి సేవాలోపం అంటే నిలబడదు. ఆ టెక్నీషియన్ కుర్రాడు ఎంత పొగరుగా మాట్లాడాడో మీ ఉత్తరంలో రాసిన రెండు పేజీలు కూడా పక్కన పెట్టేయండి. తేలాల్సింది ఒక్కటే: డేటా మొత్తం పోతుందని మీకు తెలిసి ఒప్పుకున్నారా, లేదా?

అతని మెసేజ్ మళ్లీ చదవండి. ‘ఫ్రెష్‌గా వేసేయమంటారా’ అన్నాడు. ఫార్మాట్ అనలేదు, ఫైళ్లు పోతాయనలేదు. ఆ పని రోజూ చేసేవాడికి ఫ్రెష్ అంటే డిస్క్ చెరిపి కొత్తగా వేయడమని తెలుసు, మీకు తెలియాలని రూలేం లేదు. పైగా ఫైళ్లు జాగ్రత్త అని పొద్దున్నే రాసిచ్చారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) ప్రకారం వినియోగదారుడికి చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమే. పొద్దున మీ మెసేజ్, మధ్యాహ్నం అతని ప్రశ్న, దానికి మీ జవాబు, ఈ మూడూ వరసలో ఉంటేనే మీ వాదన నిలుస్తుంది. వాటిలో మీ వాయిస్ జవాబు తీసేస్తే మీకే నష్టం.

రెండో ఆధారం అతను పంపిన ఫొటో. మీరు దాన్ని ఉత్తరంతో పాటు జతచేసి, దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. తెరమీద ‘అన్‌డూయింగ్ చేంజెస్ మేడ్ టు యువర్ కంప్యూటర్’ అని కనిపిస్తోంది. అంటే అప్‌గ్రేడ్ కుదరక, కంప్యూటర్ తనంతట తానే పాత విండోస్‌కి వెనక్కి వెళ్తోంది. ఆ సమయానికి డిస్క్ పనిచేస్తోందనడానికి అది గట్టి ఆధారం. ఆ తర్వాత నిజంగానే బూట్ కాలేదనుకుందాం, బూట్ కాకపోవడం వేరు, డేటా పోవడం వేరు. డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించి కాపీ తీసుకోవచ్చు, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి తీసుకోవచ్చు. ఆ ప్రయత్నమేదైనా చేశాడా? ఈ ప్రశ్న సర్వీస్ సెంటర్‌కి పంపే లీగల్ నోటీసులోనే అడగండి. డేటా రికవరీ నిపుణుడి చేత ఇదే విషయం అఫిడవిట్‌గా చెప్పించండి, మీ నోటి మాట చాలదు.

ఇక గడువు. ఇక్కడ మాత్రం మిమ్మల్ని కోప్పడక తప్పదు. 20 నెలల్లో ఒక్క కాగితం రాయలేదు, ఒక్క ఈమెయిల్ పెట్టలేదు, అన్నీ ఫోన్‌లోనే. అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్లే గడువు, మీ విషయంలో అది ల్యాప్‌టాప్ తిరిగి తీసుకున్న రోజు నుంచే మొదలైనట్టు లెక్కేసుకోండి. వాళ్లు ‘చూద్దాం’ అన్నంత మాత్రాన ఆ గడువు పెరగదు, మీరు లీగల్ నోటీసు ఇచ్చినా పెరగదు. ఆలస్యాన్ని క్షమించమని అడిగే వీలుంది కానీ తగిన కారణం చూపాలి, ‘వాళ్లను నమ్మి తిరిగాను’ అంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. మీకు మిగిలింది నాలుగు నెలలు. ఈ వారమే నోటీసు పంపండి, 15 రోజులు చూడండి, జవాబు రాకపోతే ఫిర్యాదు వేసేయండి.

బ్యాకప్ లేకపోవడం కూడా మీ తప్పే. అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. దానివల్ల మీ కేసు పోదు కానీ పరిహారం తగ్గవచ్చు.

రసీదు వెనక షరతు గురించి ఒక జాగ్రత్త. ‘అది అన్యాయమైన ఒప్పందం, కొట్టేయండి’ అని ఫిర్యాదులో అడగకండి. అన్యాయ ఒప్పందాల మీద ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి, జిల్లా కమిషన్‌లో అలా అడిగితే ‘ఇది ఈ కమిషన్ పరిధి కాదు’ అన్న అభ్యంతరం తెచ్చిపెట్టుకున్నట్టే. కేవలం సేవాలోపం అనే వేయండి. ఆ షరతు మీద మీ సంతకం లేదని, ఉన్నా అది అనుకోకుండా పోయిన డేటాకే గానీ చెప్పకుండా చేతులారా చెరిపిన డేటాకు వర్తించదని వాదించండి.

ల్యాప్‌టాప్‌ని బీరువాలో పెట్టారు చూశారా, తెలియకుండానే మంచి పని చేశారు. ఇప్పుడు ఆశకొద్దీ ఆన్ చేసి ఉచిత రికవరీ సాఫ్ట్‌వేర్ అందులోనే ఎక్కించకండి. కొత్తగా రాసే ప్రతి ఫైలూ పాత ఫైలు ఉన్న చోటు మీద పడొచ్చు. హార్డ్‌డిస్క్ అయితే ఎంతో కొంత తిరిగొచ్చే ఆశ ఉంది. ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో చేసిన డిస్క్) అయితే చెరిపిన చోటును అదే శుభ్రం చేసుకుంటుంది కాబట్టి ఆశ చాలా తక్కువ. మీది ఏదో రాయలేదు. ఏదైనా సరే, రికవరీ ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు ముందు డిస్క్‌కి పూర్తి కాపీ తీసి, దాని హాష్ విలువ (కాపీ తర్వాత మారలేదని చూపించే గుర్తు) రాసిమ్మనండి, పని ఆ కాపీ మీదే చేయమనండి. వాళ్ల రిపోర్టు, బిల్లు రెండూ దాచండి. పరిహారం లెక్క కట్టేటప్పుడు చేతిలో పట్టుకుని చూపించగలిగేది ఆ బిల్లే.

వాట్సాప్ సంభాషణ ప్రింట్ తీస్తే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023, సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయండి, అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఆ మెసేజ్‌లు ఉన్న ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి.

ఫిర్యాదు మీరున్న జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా సరే. చెల్లించిన సర్వీస్ చార్జీ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. ముందు రాజీకి ప్రయత్నించాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కానీ అక్కడి జవాబు కోసం చూస్తూ నాలుగు నెలలూ గడిపేయకండి.

ఫిర్యాదులో నాన్నగారి రికార్డింగుల గురించి రెండు వాక్యాలు రాయండి, చాలు. అవి ఆ ల్యాప్‌టాప్‌లో ఉండేవని చూపించే ఆధారం కావాలి. ఎప్పుడైనా అక్కచెల్లెళ్లకో, పిల్లలకో ఒక్క రికార్డింగ్ పంపి ఉంటారు, ఈ రాత్రికే వాళ్ల ఫోన్లలో వెతికించండి.