కోడ్ ఏఐ రాస్తుంటే మా అమ్మాయికి పనేం మిగులుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ చదివి మూడేళ్లుగా గాజువాకలో ఇంటి నుంచే ఫ్రీలాన్స్ డెవలపర్‌గా చేస్తోంది. వెబ్‌సైట్లు, చిన్న వ్యాపారాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చేసి ఇస్తుంది. ఈ ఏడాది రెండు పాత పార్టీలు ‘ఏఐతో మేమే చేసుకుంటున్నాం’ అని తప్పుకున్నాయి. ఇంకొకరు సగం రేటుకే చెయ్యమంటున్నారు. 45 వేలు కడితే ప్రాంప్ట్ ఇంజినీరింగ్ (ఏఐకి సరైన సూచనలు రాయడం) నేర్పుతామని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వెంటపడుతున్నారు. చేర్పించమంటారా, ఉద్యోగం చూసుకోమనాలా?

జవాబు: కోర్సుకు డబ్బు కట్టకండి. మూడేళ్లు సాఫ్ట్‌వేర్ చేసిన మనిషికి ప్రాంప్ట్ రాయడం రెండు వారాలు టూల్ ముందు కూర్చుంటే వస్తుంది. కోడ్ రాసిపెట్టే ఏఐ టూళ్లయిన కర్సర్, క్లాడ్ కోడ్, గిట్‌హబ్ కోపైలట్‌లలో ఏదో ఒకటి తీసుకోమనండి. చిన్న ప్లాన్లు నెలకు 10 నుంచి 20 డాలర్ల దగ్గర ఉంటాయి. నెలనెలా కట్టడమే మేలు. ఈ టూళ్లు ఎంత తొందరగా మారుతున్నాయంటే, ఏడాదికి ఒకేసారి కట్టి కట్టుబడిపోవడం దండగ.

తప్పుకున్న ఆ రెండు పార్టీలు బహుశా తిరిగి రావు. అయిదు పేజీల వెబ్‌సైట్, ఫొటో గ్యాలరీ, కాంటాక్ట్ ఫారం లాంటి, ఒక్క వాక్యంలో చెప్పగలిగే పనులకు ఇక రేటు పలకదు. నియమాలు యజమాని బుర్రలో తప్ప ఎక్కడా రాసి లేని పనులే మిగిలాయి. అలాంటివి విశాఖలో తక్కువేం కాదు. ఫిషింగ్ హార్బర్‌లో కమీషన్ వ్యాపారులు, భీమిలి వైపు రొయ్యల హేచరీలు, పోర్టు చుట్టూ క్లియరింగ్ ఏజెంట్లు, అనకాపల్లి బెల్లం వర్తకులు ఉన్నారు. వీటిలో ఒక్క రంగం పట్టుకోమనండి.

హార్బర్‌నే తీసుకుందాం. వేలం తెల్లవారుజామున జరుగుతుంది. సర్వర్లు మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తాయి, మనం దానికి అయిదున్నర గంటలు ముందు. తెల్లవారి 4 గంటలకు పద్దు వేస్తే సర్వర్ లెక్కలో అది ముందురోజు రాత్రి 10.30. ఏఐ రాసిన కోడ్ సర్వర్ తేదీనే తీసుకుంటే, 5.30 లోపు కొన్న చేపంతా నిన్నటి ఖాతాలో పడుతుంది. పగలు 11 గంటలకు కూర్చుని టెస్ట్ చేసేవాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ కనబడదు. డబ్బు సంగతీ ఇంతే. ఫ్లోట్ సంఖ్యల్లో (కంప్యూటర్ దశాంశాలను దాచే పద్ధతి) 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. అందుకే మొత్తాలను పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచాలి. జీఎస్టీ పడే సరుకైతే శ్రీకాకుళం పార్టీకి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి సగం వేయాలి, ఒడిశాలోని బరంపురం పార్టీకి ఐజీఎస్టీ వేయాలి. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో రెండుసార్లు రాకూడదు. ఇవన్నీ ఏఐకి చెబితే చేస్తుంది. చెప్పకపోతే తనకు తోచింది రాసి, ‘పూర్తయింది’ అంటుంది. ఏం చెప్పాలో తెలిసిన మనిషికే ఇప్పుడు డబ్బు.

ఇక పని పద్ధతి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక నియమాల ఫైలు ఉండాలి: ఏ ఫ్రేమ్‌వర్క్ (కోడ్‌కు రెడీమేడ్ చట్రం) ఏ వెర్షన్, తేదీలూ డబ్బూ ఎలా దాచాలి, ఏ ఫోల్డర్ ముట్టుకోకూడదు. మొదట ప్లాన్ మాత్రం అడిగి, దాన్ని సరిదిద్దాకే కోడ్ రాయించాలి. ఒక్కో మార్పు 200 లైన్లు దాటనివ్వకపోవడం మంచిది, అంతకు మించితే కన్ను చదవడం మానేసి జారిపోతుంది. ప్రతి మార్పూ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) కమిట్‌గా నమోదు కావాలి. ఈ టూళ్లకు ఒక దొంగబుద్ధి ఉంది: టెస్ట్ (కోడ్ సరిగ్గా పనిచేస్తోందా అని చూసే చిన్న ప్రోగ్రాం) ఫెయిలైతే కోడ్ సరిచేయకుండా ఒక్కోసారి టెస్టునే మార్చేసి అన్నీ పాసయ్యాయంటాయి. కాబట్టి టెస్ట్ ఫైళ్లలో ఏం మారిందో ముందు చూడాలి. రెండు మూడుసార్లు చెప్పినా అదే తప్పు చేస్తుంటే వాదించడం దండగ, కొత్త సెషన్ తెరిచి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

లేని ప్యాకేజీల (ఇతరులు రాసి నెట్‌లో పెట్టిన రెడీమేడ్ కోడ్) పేర్లు ఏఐ కల్పించడం ఇంకో ప్రమాదం. మోసగాళ్లు ఆ పేర్లతోనే నిజంగా ప్యాకేజీలు పెట్టి కాచుక్కూర్చుంటారు. ఇన్‌స్టాల్ చేసే ముందు అది ఎప్పటిది, ఎంతమంది వాడుతున్నారు, సోర్స్ ఎక్కడుంది అని చూడాల్సిందే. అప్పగించే ముందు రోజు ఇద్దరు వేర్వేరు కస్టమర్లుగా లాగిన్ అయ్యి, అడ్రస్ బార్‌లో బిల్లు నంబరు మార్చి చూడమనండి. ఒకరి బిల్లు ఇంకొకరికి తెరుచుకుంటే పని కాలేదన్నమాట. పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (బయటి సేవలు వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు) గిట్‌లోకి వెళ్లకూడదు. పార్టీ అసలు డేటా టూల్‌కు ఇవ్వకుండా ఉత్తుత్తి పేర్లతో డేటా తయారు చేసుకోవాలి. ఏఐ టూళ్లు వాడతానన్న మాట ఒప్పందంలో ముందే రాసి సంతకం తీసుకోవాలి.

టూల్ వాడగానే పని పరుగెడుతుందని నమ్మకండి. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లతో, వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించి చూసింది. ఏఐ వాడినప్పుడు సగటున 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లేమో 20 శాతం ఆదా అయిందనుకున్నారు. అవి 2025 తొలినాళ్ల టూళ్లు, ఇప్పటివి మెరుగయ్యాయి. అయినా ‘తొందరగా అయినట్టు అనిపించడం’ లెక్కలోకి రాదు. మీ అమ్మాయిని నెలరోజులు నోట్‌బుక్‌లో రాయమనండి: ఏ పనికి ఎంత అనుకుంది, ఎంత పట్టింది, అందులో ఏఐ తప్పులు దిద్దడానికి ఎంత పోయింది. ఏ పని టూల్‌కు ఇవ్వాలో, ఏది చేత్తో రాయాలో అందులోనే తేలుతుంది.

గంటల లెక్కన తీసుకుంటుంటే వెంటనే మానాలి. వేగం పెరిగేకొద్దీ తన కూలీ తనే తగ్గించుకుంటున్నట్టు. పని మొత్తానికి రేటు చెప్పి 40 శాతం ముందు, 40 శాతం నమూనా చూపించాక, 20 శాతం అప్పగించాక తీసుకోవడం చిన్న పనులకు సరిపోతుంది. దానికి తోడు బ్యాకప్‌లు, అప్‌డేట్లు, ఫోన్‌లో సాయం కలిపి నెలవారీ మెయింటెనెన్స్ పెట్టాలి. నెలకు 3 వేల చొప్పున ఎనిమిది పార్టీలుంటే 24 వేలు స్థిరంగా వస్తాయి. ఏఐతో సొంతంగా చేసుకుంటామన్న పార్టీలకూ మూడు నెలలాగి ఒకసారి ఫోన్ చేయమనండి. అలాంటివాళ్లు ఎక్కువగా పేమెంట్లు, లాగిన్ దగ్గర ఆగిపోతారు. సగంలో ఆగిన యాప్‌ను సరిచేయడం ఇప్పుడు ఒక పనే. కాకపోతే ఆ కోడ్ చూడకుండా రేటు చెప్పకూడదు, ముందు ఒక రోజు పరిశీలనకు విడిగా డబ్బు తీసుకోవాలి.

ఉద్యోగం మాటకొస్తే, ఆర్నెల్లలో నెలవారీ ఆదాయం ఇంటి ఖర్చులో సగానికీ చేరకపోతే చూసుకోమనండి. ఋషికొండ, మధురవాడ వైపు కంపెనీల ఇంటర్వ్యూల్లో ఆ నోట్‌బుక్కూ, గిట్ చరిత్రా సర్టిఫికెట్ కంటే బాగా మాట్లాడతాయి.

సగం రేటు అడిగిన ఆ పెద్దమనిషికి చెప్పాల్సింది ఇది. అప్పగించేటప్పుడు ఏమేం పనిచేయాలో పదిహేను ఇరవై లైన్ల పట్టీ రాసి ముందు పెట్టి, ‘ఇందులో ఏవి తీసేయమంటారు?’ అని అడగమనండి. బ్యాకప్, లాగిన్ భద్రత, ఏడాది పాటు తప్పులు దిద్దడం ఒక్కో లైనుగా విడివిడిగా ఉండాలి.