టెక్ సందేహాలు: గూగుల్‌ను పక్కన పెట్టి డార్విన్‌ను వెతకండి

ప్రశ్న: బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. డార్విన్, జీవపరిణామం మీద ప్రాజెక్టు ఇచ్చారు. గూగుల్‌లో ఎంత వెతికినా ఒకరిని చూసి ఒకరు రాసిన వ్యాసాలే వస్తున్నాయి. అసలు పుస్తకాలు, ఉత్తరాలు ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి? నా దగ్గర ఉన్నది ఫోను మాత్రమే.

జవాబు: ముందు ‘డార్విన్ ఆన్‌లైన్’ సైటుకు వెళ్లండి. అచ్చయిన పుస్తకాలు, రాతప్రతులు, బీగిల్ ఓడ ప్రయాణంలో రాసుకున్న నోటుపుస్తకాలు అన్నీ అక్కడున్నాయి. డబ్బు కట్టనక్కరలేదు. సైటు పాతకాలం నాటిది, ఫోనులో అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. కాబట్టి అక్కడ చూసుకుని, చదవడానికి మాత్రం ఉచిత ఈ-పుస్తకాల సైటు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ నుంచి ఈపబ్ ఫైలు (తెరకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈ-పుస్తకం) దించుకోండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల జోలికి పోవద్దు. డేటా తినేస్తాయి, అక్షరాలు పెద్దవి చేస్తే పేజీ తెర దాటిపోతుంది.

‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ దించుకునేటప్పుడు ఏ ముద్రణో చూసుకోండి. 1859లో మొదటిది, 1872లో ఆరోది వచ్చాయి. మధ్యలో ఆయన దిద్దుతూనే ఉన్నారు. ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’ అన్న మాట ఇంగ్లిషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్‌ది. డార్విన్ పుస్తకంలోకి 1869 నాటి అయిదో ముద్రణలో వచ్చింది. దాన్ని 1859 ఖాతాలో రాస్తే వైవాలో దొరికిపోతారు. ఆరు ముద్రణలనూ వాక్యం వాక్యం పోల్చి చూపే ప్రతి కూడా డార్విన్ ఆన్‌లైన్‌లోనే ఉంది.

ఉత్తరాలకు కేంబ్రిడ్జ్ వారి ‘డార్విన్ కరస్పాండెన్స్ ప్రాజెక్ట్’ను మించింది లేదు. దాదాపు 15 వేల ఉత్తరాలు, పేరుతోనూ తేదీతోనూ వెతుక్కోవచ్చు. ఒకసారి ఇలా చేసి చూడండి. ఈపబ్‌లో మొదటి అధ్యాయం తెరిచి ‘ఇలియట్’ అని ఇంగ్లిషులో వెతకండి. పావురాల గురించి రాస్తూ, భారతదేశం నుంచి వాటి చర్మాలు పంపినందుకు డార్విన్ కృతజ్ఞత చెప్పిన చోటు వస్తుంది. ఈ వాల్టర్ ఇలియట్ ఎవరో కాదు, 1845లో మన అమరావతి స్తూపం తవ్వించిన మద్రాసు సివిల్ సర్వీసు అధికారే! అదే పేరును ఉత్తరాల సైటులో వేస్తే, పావురాలు, కోళ్ల చర్మాలు కావాలంటూ 1856లో డార్విన్ ఆయనకు రాసిన ఉత్తరం దొరుకుతుంది. నెట్‌లో తిరిగే వ్యాసాల్లో ఇలాంటివి ఎక్కడుంటాయి? ప్రతి ఉత్తరానికీ అక్కడ ఒక సంఖ్య ఉంటుంది, ప్రాజెక్టులో అది రాయండి. చాట్‌బాట్ ఏదైనా ‘డార్విన్ ఉత్తరం’ చూపిస్తే ముందు ఈ సైటులో ఉందో లేదో చూశాకే నమ్మండి.

ఒక్క హెచ్చరిక. డార్విన్‌ను చదవడం వేరు, పరిణామాన్ని చదవడం వేరు. జన్యువుల సంగతి ఆయనకు తెలియదు. ఈనాటి శాస్త్రానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలోని పురాజీవ శాస్త్ర మ్యూజియం నడిపే ‘అండర్‌స్టాండింగ్ ఎవల్యూషన్’ చూడండి. బొమ్మలతో, తేలిక ఇంగ్లిషులో ఉంటుంది.

ప్రశ్న: ‘బలమైనదీ కాదు, తెలివైనదీ కాదు, మార్పుకు తగ్గట్టు మారేదే బతుకుతుంది’ అని డార్విన్ అన్నట్టు వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

జవాబు: కాదు. డార్విన్ రచనల్లో ఆ మాట లేదు. 1963లో లియాన్ మెగిన్‌సన్ అనే అమెరికన్ మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ డార్విన్ భావమంటూ తన మాటల్లో చెప్పినది, చేతులు మారి డార్విన్ నోట పడింది. ఇలాంటివి వచ్చినప్పుడు ఇంగ్లిషు వాక్యంలో నాలుగైదు మాటలు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి డార్విన్ ఆన్‌లైన్‌లో వెతకండి. గుర్తులు పెట్టకపోతే విడివిడి మాటలకు వందల పేజీలు వచ్చి పడతాయి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో పరిణామం పాఠం కనిపించడం లేదు. పీడీఎఫ్ తప్పుగా దిగిందా?

జవాబు: ఫైలు సరైనదే. ఆ భాగాన్ని పదో తరగతి నుంచి తీసేశారు. 2023లో దీనిపై శాస్త్రవేత్తలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో మాత్రం ‘ఎవల్యూషన్’ అధ్యాయం ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ సైటులో అధ్యాయాలు విడివిడిగా దిగుతాయి, అదొక్కటి దించి ఇవ్వండి.