భాషాసందేహాలు: స్వీడన్‌వారి 'యోకొత్త'

ప్రశ్న: పక్షుల కూత వినడానికి తెల్లవారుజామునే లేవడాన్ని స్వీడిష్‌లో 'గోకోట్టా' అంటారని చదివాను. ఇది క్రియాపదమా? అనువాదంలో దీన్ని ఎలా వాడాలి?

జవాబు: క్రియ కాదు, నామవాచకం. ముందు ఉచ్చారణ సంగతి. స్వీడిష్‌లో ఈ మాటలోని మొదటి అచ్చు (ö) ముందున్న 'గ' మెత్తబడి 'య' అవుతుంది. పెదవులు గుండ్రంగా చుట్టి 'ఏ' పలికితే ఆ అచ్చు వస్తుంది. మాట మొత్తం సుమారుగా 'యోకొత్త'.

'యోక్' అంటే కుకూ పిట్ట. 'ఒత్త' అంటే తెల్లవారే ముందరి వేళ, రాత్రి చివరి జాము. చాలా పాత మాట ఇది. పాత జర్మానిక్ భాష అయిన గోతిక్‌లోని 'ఊహ్త్వో', రాత్రి అనే అర్థమున్న వేదసంస్కృతపు 'అక్తు' దీనికి చుట్టాలే. క్రిస్మస్ నాటి వేకువ ప్రార్థనను 'యూలొత్త' అంటారు. అంటే 'ఒత్త' వేళకే కాదు, ఆ వేళ జరిగే కార్యక్రమానికీ పేరైంది. అందుకే యోకొత్త అంటే ఊరికే నిద్రలేవడం కాదు; కుకూ కూత వినడానికి అడవి అంచుకో చెరువు గట్టుకో వెళ్లడం. చాలాసార్లు నలుగురూ కలిసే వెళతారు, కాఫీ ఫ్లాస్కు వెంట ఉంటుంది. చర్చిలూ స్థానిక సంఘాలూ ఏర్పాటు చేసేవాటిలో ఆరుబయట ప్రార్థన, పాటలు కూడా ఉంటాయి. వాక్యంలో 'యోకొత్తకు వెళ్లారు' అనాలి. 'యోకొత్త చేశారు' అంటే కుదరదు.

సంప్రదాయంగా దీనికి క్రీస్తు స్వర్గారోహణ దినం, అంటే ఈస్టర్ తర్వాత 39వ రోజు, ఎప్పుడూ గురువారమే. ఈస్టర్ తేదీ మారేకొద్దీ ఇదీ ఏప్రిల్ 30కీ జూన్ 3కీ మధ్య మారుతుంటుంది. ఆఫ్రికాలో చలికాలం గడిపిన పిట్ట స్వీడన్ చేరేది ఏప్రిల్ చివర, మే నెలల్లో. కాబట్టి పండుగ మరీ ముందుగా వస్తే కూత వినపడకపోవచ్చు. మే మధ్యలో స్టాక్‌హోమ్‌లో సూర్యోదయం సుమారు 4 గంటలకే. కథలో పాత్రలను 6 గంటలకు బయల్దేరదీస్తే 'ఒత్త' దాటిపోయినట్టే.

ఏ దిక్కునుంచి తొలి కూత వినపడిందన్నది కూడా పాతకాలం నమ్మకాల్లో ముఖ్యం. దక్షిణమైతే చావు, ఉత్తరమైతే దుఃఖం, తూర్పైతే ఓదార్పు. పడమరైతే అన్నిటికన్నా మేలు: 'వెస్తెర్యోక్ ఎ బెస్తెర్యోక్'. ఈ ప్రాస తెలుగులోకి రాదు, భావమే రాయండి.

'కోయిల' అని మాత్రం రాయకండి, అది వేరే పక్షి. కోయిల 'కుహూ' పైకి లేస్తుంది; కుకూ పిట్ట కూతలో మొదటి స్వరం ఎత్తున ఉండి రెండోది దిగుతుంది. 'కుకూ పిట్ట వేకువ విహారం' అని ఒకసారి విప్పి చెప్పి, తర్వాత యోకొత్త అనే వాడుకోండి.